ఏడాదిన్నరగా పగలూ రాత్రీ నడుస్తున్న ఆర్‌టీఎక్స్ 4090: సిమ్యులేషన్లు చేసేవాళ్ళ కోసం

గేమ్‌ల కోసం చూస్తున్నవాళ్ళకి ఈ రివ్యూ ఎందుకూ పనికిరాదు, ముందే చెప్పేస్తున్నా. ఆర్‌టీఎక్స్ 4090 అనే ఈ ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) మీద నేను ఒక్క గేమ్ కూడా ఆడలేదు. దీనిమీద నడిచేదల్లా అణువుల కదలికల్ని లెక్కకట్టే సిమ్యులేషన్లు: ప్రొటీన్లు, లిపిడ్ (కొవ్వు) పొరలు, వాటి చుట్టూ బోలెడు నీళ్ళు. వాడే సాఫ్ట్‌వేర్ ఎక్కువగా గ్రోమాక్స్, కొంచెం యాంబర్, ఎప్పుడైనా ఓపెన్‌ఎంఎం.

దీనికి ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. మొదటి మెషీన్ కొన్నప్పుడు అమ్మేవాళ్ళిచ్చిన కొటేషన్‌ని కళ్ళు మూసుకుని నమ్మాను. సైంటిఫిక్ కంప్యూటింగ్ అనే మాట వినగానే వాళ్ళు రెండు సాకెట్ల బోర్డు, రెండు సర్వర్ ప్రాసెసర్లు, 256 జీబీ ర్యామ్ రాసేసి, చివర్లో మొక్కుబడిగా ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు తగిలించారు. నేనూ కోర్ల సంఖ్య చూసి మురిసిపోయాను. తీరా జాబ్ పెట్టాక, కోర్లన్నీ కిందామీదా పడి పనిచేస్తూనే ఉన్నాయి కానీ లాగ్ ఫైల్ అడుగున రోజుకి ఎన్ని నానోసెకన్ల అణువుల కదలిక లెక్కకట్టిందో చెప్పే ఆ పర్ఫార్మెన్స్ లైన్ చూస్తే నీరసం వచ్చింది. ర్యామ్‌లో పది జీబీ కూడా ఖర్చు కాలేదు.

ఎందుకలా అంటే, మామూలుగా మనం సిమ్యులేషన్‌లో ఒక్కో స్టెప్పు 2 ఫెమ్టోసెకన్లు పెడతాం (మైక్రోసెకనులో వంద కోట్లో వంతు ఒక ఫెమ్టోసెకను). ఒక్క మైక్రోసెకను దాకా వెళ్ళాలంటే 50 కోట్ల స్టెప్పులు, అవీ ఒకదాని తర్వాత ఒకటే, ముందుది తేలనిదే తర్వాతది మొదలవదు. (హైడ్రోజన్ల బరువు పెంచి 4 ఫెమ్టోసెకన్లకి వెళ్తే అందులో సగం.) కాబట్టి ఒక్కో స్టెప్పు ఎంత తొందరగా అయిపోతుందన్నదే అసలు లెక్క. అందులోనూ ఎక్కువ సమయం తినేది దగ్గర్లో ఉన్న ఆటమ్ జంటల మధ్య బలాలు లెక్కకట్టడం. జీపీయూకి ఇలాంటి పని ఇస్తే పండగే.

4090 లో 16,384 కోర్లు, 24 జీబీ మెమరీ. డబుల్ ప్రెసిషన్ (64 బిట్ల దశాంశ లెక్కలు) మాత్రం దాదాపు లేనట్టే, సింగిల్ (32 బిట్ల) వేగంలో 64వ వంతు. ఇది విని చాలామంది భయపడి డేటాసెంటర్ కార్డుల వైపు చూస్తారు. అక్కర్లేదండీ. గ్రోమాక్స్ జీపీయూ మీద నడిచేదే మిక్స్‌డ్ ప్రెసిషన్ (ఎక్కువగా సింగిల్, అవసరమైన చోట డబుల్) బిల్డ్‌తో. యాంబర్ కూడా బలాల్ని సింగిల్‌లో లెక్కకట్టి, కూడికని 64 బిట్ల ఫిక్స్‌డ్ పాయింట్‌లో చేస్తుంది. మనం వాడని డబుల్ ప్రెసిషన్‌కి డబ్బులు పోయడం దేనికి? అదే మీ పని క్వాంటం కెమిస్ట్రీ అయితే నా మాట పట్టించుకోకండి, అక్కడ ప్రాసెసర్, ర్యామ్, డబుల్ ప్రెసిషన్ అన్నీ కావాలి.

ఆ 24 జీబీ కూడా నాకు ఎప్పుడూ నిండలేదు. లక్ష ఆటమ్స్ సిస్టమ్ అందులో ఏ మూలకీ రాదు, పదిన్నర లక్షలకి పైగా ఆటమ్స్ ఉండే ఎస్‌టీఎంవీ వైరస్ బెంచ్‌మార్క్ (వేగం పోల్చడానికి వాడే నమూనా సిస్టమ్) కూడా హాయిగా పట్టేస్తుంది. మెమరీ ఒక్కటే చూసి 4090 కొనాలనుకుంటే ఆగండి, 16 జీబీ ఉన్న 4080 కూడా సరిపోతుంది.

చిన్న సిస్టమ్‌లు చేసేవాళ్ళకి ఇంకో మాట. యాంబర్ వాళ్ళ డీహెచ్‌ఎఫ్‌ఆర్ (ఒక చిన్న ప్రొటీన్) బెంచ్‌మార్క్ 23,558 ఆటమ్స్. అంత చిన్నది పెడితే ఈ కార్డుకి నిండా పని దొరకదు, కార్డు వాడకం చూపించే ఎన్‌విడియా ఎస్‌ఎంఐ లో చూస్తే వాట్లు పైకి లేవవు. అప్పుడు ఎంపీఎస్ (ఒకే కార్డుని చాలా ప్రోగ్రాములు పంచుకునేలా చేసే ఎన్‌విడియా సర్వీసు) ఆన్ చేసి ఒకే కార్డు మీద రెండు మూడు రన్‌లు పెట్టండి. విడివిడిగా చూస్తే ఒక్కోటీ నెమ్మదిస్తుంది, మొత్తంగా చూస్తే రోజుకి వచ్చేది ఎక్కువే.

ప్రాసెసర్ సంగతి వాడే సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఉంటుంది. యాంబర్‌కి ఒక్కో రన్‌కి ఒక్క కోర్ ఇస్తే చాలు. గ్రోమాక్స్ 2020 వెర్షన్ నుంచి కోఆర్డినేట్ల అప్‌డేట్ (ఆటమ్స్ కొత్త స్థానాలు లెక్కకట్టడం) కూడా జీపీయూ మీదే చేయొచ్చు, ఆ ఆప్షన్ పెడితే సీపీయూ భారం బాగా తగ్గుతుంది. ప్లూమ్డ్ అనే యాడ్-ఆన్‌తో మెటాడైనమిక్స్ (అరుదైన కదలికల్ని తొందరపెట్టే పద్ధతి) లాంటివి చేస్తుంటే మాత్రం ప్రతి స్టెప్పుకీ ప్రాసెసర్‌ని పలకరించాల్సిందే, అప్పుడు దాని వేగం మళ్ళీ లెక్కలోకి వస్తుంది. నా మట్టుకు కోర్ల సంఖ్య కంటే క్లాక్ స్పీడే చూస్తాను, మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో 12 నుంచి 16 కోర్లుంటే ధారాళం.

ఇక కష్టాలు. కార్డు 450 వాట్లు తాగుతుంది, ఎన్‌విడియానే 850 వాట్ల పవర్ సప్లై పెట్టమంటుంది. నేను పీనాసితనానికి పోయి పాత 750 వాట్లదే ఉంచాను. సిస్టమ్‌ని సిద్ధం చేసే ఎనర్జీ మినిమైజేషన్ బాగానే అయింది, ఈక్విలిబ్రేషన్ కూడా అయింది, ప్రొడక్షన్ అనే అసలు రన్ మొదలై గంట గడిచాక టక్‌మని చిన్న చప్పుడు, స్క్రీన్ నల్లగా. అదృష్టం కొద్దీ గ్రోమాక్స్ ప్రతి 15 నిమిషాలకీ తనంతట తానే చెక్‌పాయింట్ (ఆగిన చోటి నుంచి కొనసాగించే ఫైల్) రాసుకుంటుంది కాబట్టి ఎక్కువ నష్టపోలేదు. పవర్ సప్లై మార్చాను, కార్డుకి 350 వాట్ల లిమిట్ కూడా పెట్టాను. వేగంలో తేడా వెతికి చూస్తే తప్ప తెలియలేదు, వేడి మాత్రం బాగా తగ్గింది. వారాల తరబడి నడిపేవాళ్ళు మొదటి రోజే ఈ లిమిట్ పెట్టేసుకోండి. కార్డు ఒక ఇటుకంత ఉంటుంది, మూడు స్లాట్లకి పైనే మింగేస్తుంది, కొనేముందు కేబినెట్ లోపల టేపుతో కొలుచుకోండి. నేను కొలవలేదు, వారం పాటు పక్క తలుపు ఊడదీసి నడిపాను.

రెండు కార్డులు పెడితే ఒకే సిమ్యులేషన్ రెండింతల వేగంతో నడుస్తుందని ఆశపడకండి. 4090 కి ఎన్‌వీలింక్ (కార్డుల్ని నేరుగా కలిపే వేగమైన లింకు) లేనే లేదు. రెండు కార్డుల మీద రెండు రెప్లికాలు (అదే సిమ్యులేషన్‌ని మళ్ళీ నడిపే రన్‌లు) వేరువేరుగా నడుపుకోవడమే సుఖం, ఎలాగూ పేపర్ చూసే రివ్యూయర్ మూడు రెప్లికాలు అడుగుతాడు.

డిస్కు గురించి ఎవరూ చెప్పరు గానీ నాకు తగిలిన రెండో దెబ్బ అదే. లక్ష ఆటమ్స్ అంటే కుదించకుండా ఒక్కో ఫ్రేమ్ (ఆ క్షణానికి అన్ని ఆటమ్స్ స్థానాలు) 1.2 ఎంబీ. 10 పికోసెకన్లకి ఒకటి చొప్పున మైక్రోసెకను నడిపితే లక్ష ఫ్రేములు, అంటే 120 జీబీ, అదీ ఒక్క రన్‌కే. ఎక్స్‌టీసీ అనే కుదించిన ఫైల్ ఫార్మాట్‌లో రాస్తే మూడో వంతుకి అటూఇటూగా దిగుతుంది. నీళ్ళతో పని లేకపోతే వాటిని అసలు రాయకండి.

ఇప్పుడు 5090 ఉంది, 32 జీబీ, 575 వాట్లు. దానికి కుడా (ఎన్‌విడియా జీపీయూ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) 12.8 లేదా ఆపై వెర్షన్‌తో బిల్డ్ చేసిన సాఫ్ట్‌వేర్ కావాలి, పాత బిల్డ్‌లు తెచ్చి పెడితే నడుస్తాయన్న నమ్మకం లేదు. ఏది కొన్నా, ముందు అలాంటి కార్డునే క్లౌడ్‌లో ఒక గంట అద్దెకి తీసుకుని మీ సొంత సిస్టమ్ నడిపి చూడండి. నాలుగైదు నిమిషాల రన్ చాలు, లాగ్ అడుగున ఆ లైన్ వచ్చేస్తుంది.

ఆ పాత రెండు సాకెట్ల మెషీన్‌ని అమ్మేయలేదు. ఈ కార్డు కక్కిన ట్రాజెక్టరీలన్నీ (ఆ ఫ్రేముల ఫైళ్ళు) దాని 256 జీబీ ర్యామ్‌లోకి ఎక్కించి అనాలిసిస్ చేసుకుంటున్నాను.