మట్టి గోడ కోసం తిరుపతి నుంచి పలమనేరు దాకా

బంగారుపాళెం దగ్గర మామిడితోటలోని గదిలోకి రాగానే మా అమ్మ సంచి కూడా దించకుండా గోడ మీద అరచెయ్యి ఆనించింది. "పేడ కలిపినారు నాయనా, మంచి మట్టే" అంది. ఆమె పుట్టి పెరిగింది మట్టి మిద్దెలో, ఆ మాట చాలు నాకు.

ఎందుకంటే అంతకు ముందు రెండు రాత్రులు తిరుపతి శివార్లలో ఒక రిసార్ట్‌లో మోసపోయాం. ఫోటోల్లో 'మట్టి కాటేజీ' అని ఉంది, రోజుకు 4,500 రూపాయలు. గోడను గోటితో గీకితే ఎర్ర రంగు కింద బూడిదరంగు సిమెంటు బయటపడింది. ఏసీ బాగుంది, వేడినీళ్లు వచ్చాయి, శుభ్రంగానే ఉంచారు. కానీ మట్టి అని చెప్పి సిమెంటు ఇవ్వడం నాకు చాలా బాధ కలిగించింది.

మేము మే నెలలో వెళ్లింది తాతయ్యగుంట గంగమ్మ జాతర కోసం. వారం రోజులు వేషాలన్నీ అయ్యాక చివర్న, తెల్లవారుజామున, గుడి ముందు బంకమట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చూస్తాం కదా, అంత పెద్ద ముఖం, ఆ కళ్లు. పేరంటాలు వేషం వేసినాయన వచ్చి ఆ విగ్రహం చెంప నరికితే ఆ మట్టి కోసం జనం తోసుకుంటారు, ఒక ముక్క దొరికినా ఇంటికి తెచ్చి పూజగదిలో దాచుకుంటారు. ఇంతకంటే గొప్ప మట్టి శిల్పం నేను చూడలేదు. తిరుమలలో స్వామికి ఇప్పటికీ నైవేద్యం పగిలిన కుండ ముక్కలో, ఓడులో పెడతారని, తొండమాన్ చక్రవర్తి స్వామికి పెట్టిన బంగారు పూల పక్కన కుమ్మరి భీముడి మట్టి పూలు కనిపించాయని చిన్నప్పటి నుంచి వింటున్నవాళ్లం మనం, మన ఇళ్లలో మాత్రం మట్టి అంటే బీదరికం అనుకుంటున్నాం.

చంద్రగిరి రాజమహల్‌కు ఒక పూట చాలు. మూడంతస్తులు, ఎక్కడా కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. మ్యూజియం శుక్రవారం ఉండదు, చూసుకుని వెళ్లండి.

ఇక అసలు చోటు. చిత్తూరు దాటి బంగారుపాళెం వైపు, హైవే దిగి కొంచెం లోపలికి వెళ్తే మామిడితోటలో ఒక కుటుంబం నడిపే మూడు గదులు. భోజనంతో కలిపి రోజుకు 2,800. ఇటుక లేదు, చెక్క ఫ్రేము లేదు, రాతి పునాది మీద చేత్తో పేర్చిన గోడ, అడుగున్నర మందం. బంకమట్టి, ఇసుక, తరిగిన వరిగడ్డి నీళ్లలో తొక్కి, ముద్దలు చేసి ఒకదాని మీద ఒకటి వత్తుకుంటూ పోతారు. మట్టి అతుక్కుని ఉంటుంది, ఇసుక ఉంటే ఎండేటప్పుడు బీటలు తగ్గుతాయి, గడ్డి లాగి పట్టుకుంటుంది. ఒక వరుస కొంచెం గట్టిపడేదాకా ఆగి పై వరుస వేస్తారు, ఆ పచ్చితనంలోనే కొడవలితో చెక్కుతారు. అందుకే అక్కడ అరుగు వేరే, గోడ వేరే కాదు, గోడే వంగి అరుగైంది, దీపపు గూడైంది, పొయ్యి పక్కన నెమలైంది. కిటికీ లోపలి అంచున నాలుగు వేళ్లు లాగిన గీతలు అలాగే వదిలేశారు, పొద్దున ఏటవాలు ఎండలో ఆ గీతల మధ్య గడ్డి పోచలు మెరిశాయి. నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

మధ్యాహ్నం మూడు దాకా ఫ్యాన్ చాలు, నిజంగా చల్లగా ఉంది. రాత్రి తొమ్మిదికి మాత్రం పగలు తాగిన వేడిని గోడ వదలడం మొదలుపెడుతుంది, మేము రెండు రాత్రులూ బయటి అరుగు మీదే పడుకున్నాం. దోమతెర ఇచ్చారు. రాగి సంగటి, శెనగవిత్తనాల (వేరుశెనగ) ఊరిబిండి పచ్చడి, మామిడిపళ్లు ఎన్నైనా. ఆన్‌లైన్ పేమెంట్‌కు సిగ్నల్ అందదు, నగదు పెట్టుకోండి.

ఒక లోపం చెప్పాలి. స్నానాలగదిలో మట్టి గోడకు సిమెంటు పూత వేయించారు. మట్టి గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ వదలాలి, సిమెంటు దాన్ని వదలనివ్వదు. కింద ఒకచోట పూత పొంగి వెనక మట్టి రాలుతోంది. అమ్మ ఆ ఇంటాయనతో "తీసేయండన్నా, గానుగ సున్నం పూయించండి" అంటే ఆయన నొచ్చుకోకుండా పక్కనే గొంతుకూర్చుని వేలితో తట్టి చూశాడు.

తిరిగొచ్చే ముందు ఆర్టీసీ బస్సులో మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు వెళ్లాం, టెర్రకోట బొమ్మల కోసం. ఒకాయన ఏనుగు చేస్తున్నాడు. కాళ్లు కుమ్మరి సారె మీద గొట్టాల్లా తీసి, పొట్ట విడిగా తీసి, తడి మట్టితో అతికి, ఆఖర్న పొట్ట కింద వేలంత రంధ్రం పొడిచాడు. "లేకపోతే బట్టీలో పగిలిపోతాది సార్, లోపల గాలి బయటికి పోవాల కదా" అన్నాడు. ఒక పెరుగు చట్టి కొన్నాం, 150. బేరం ఆడబుద్ధి కాలేదు.

చట్టిని వరిగడ్డిలో చుట్టి ఇచ్చాడు, అమ్మ తిరుపతి దాకా ఒళ్లోనే పెట్టుకుంది. పోయిన వారం తోట ఇంటాయన ఫోటో పంపాడు, స్నానాలగది గోడ సిమెంటు ఊడ్చేసి ఉంది, పక్కన నానబెట్టిన సున్నం తొట్టి. సంక్రాంతి తర్వాత రెండు రాత్రులకు మళ్లీ గది చెప్పాను.