వాపసు పంపిన ర్యామ్, తిరిగి వచ్చిన ర్యామ్

కంప్యూటర్ విడిభాగాలు మాత్రమే అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణంలో మదర్‌బోర్డు, ప్రాసెసర్, 16 జీబీ స్టిక్కులు రెండున్న డీడీఆర్5 ర్యామ్ జత, బ్యాకప్ కోసం ఒక హార్డ్ డిస్కు కలిపి ఒకే ఆర్డరుగా కొన్నాను. వస్తువులు చెప్పిన రోజుకే వచ్చాయి, ప్యాకింగ్ బాగుంది, బిల్లులో తేడా లేదు. అమ్మకం వరకు ఆ దుకాణాన్ని తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయితే వచ్చినవాటిలో రెండు వస్తువులు లోపంతో ఉండడం వల్ల వారి వాపసు విభాగంతో నాకు నెలకు పైగా పరిచయం ఏర్పడింది. ఈ సమీక్ష ఆ విభాగం గురించే.

హార్డ్ డిస్కు సంగతి త్వరగా తేలిపోయింది. డిస్కు తన స్థితిని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టికలో 197వ అంశం, అంటే చదవడానికి మొరాయించి ఇంకా ఎటూ తేలకుండా ఉన్న సెక్టార్ల (డిస్కులోని చిన్న చిన్న భాగాల) సంఖ్య, మొదటి రోజు 8 ఉండి మూడో రోజుకు 40 దాటింది. ఆ రెండు స్క్రీన్‌షాట్లు జతచేసి పంపితే అడ్డుప్రశ్న వేయకుండా ఆరు రోజుల్లో కొత్త డిస్కు ఇచ్చారు. పాత డిస్కులో నేను అప్పటికే ఎక్కించిన ఫైళ్లు ఏమవుతాయన్నది మాత్రం వారి నిబంధనల్లో ఎక్కడా లేదు. చెడిపోతున్న డిస్కును పూర్తిగా తుడిచివేశామని నమ్మడానికి వీలుండదు, ఎందుకంటే డిస్కు తనంతట తాను పక్కన పెట్టేసిన సెక్టార్ల మీద మామూలు పద్ధతిలో మళ్లీ రాయలేము. మొదటి రోజే డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా చేసి ఉన్నాను కనుక నిశ్చింతగా పంపగలిగాను. ఆ జాగ్రత్త తెలియని కొనుగోలుదారుకు చెప్పవలసిన బాధ్యత దుకాణానిదే.

ర్యామ్ విషయంలో అంత సులువుగా పని కాలేదు. కంప్యూటర్ మామూలుగానే ఆన్ అయ్యేది, బ్రౌజర్ పనిచేసేది, చిన్న పనులన్నీ సాగిపోయేవి. కానీ పెద్ద జిప్ ఫైలు విప్పితే పాడైపోయిందని చెప్పేది, అదే ఫైలును మళ్లీ విప్పితే ఒక్కోసారి బాగానే వచ్చేది, గంట సేపు బరువైన పని చేయిస్తే నీలి తెర వచ్చి ఆగిపోయేది. మొదటి వారం విండోస్‌ను, ఆ తరువాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించి రెండింటినీ కొత్తగా ఇన్‌స్టాల్ చేశాను. చివరకు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే తప్పులను చూపే ఎర్ర గీతలు వరుసగా పడ్డాయి. దాని ఉచిత కూర్పు ఒకసారికి నాలుగు విడతల వరకే పరీక్షిస్తుంది, నాకు రెండో విడత దాకా ఆగవలసిన అవసరం రాలేదు.

ఇక్కడ దుకాణం తరఫున కూడా ఒక మాట చెప్పాలి. డబ్బా మీద వేగం 6000 అని ముద్రించిన ర్యామ్ అమర్చగానే ఆ వేగంతో నడవదు. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలో, దాని ప్రొఫైల్‌ను (ఆ వేగానికి ముందే సిద్ధంచేసి ఉంచిన సెట్టింగులను) ఆన్ చేసేదాకా 4800 దగ్గరే నడుస్తుంది. పైగా నా ప్రాసెసర్‌కు తయారీదారు హామీ ఇచ్చే మెమరీ వేగం 5200 మాత్రమే. కాబట్టి 6000 దగ్గర తప్పులు వస్తే అది ర్యామ్ లోపమా, ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ అశక్తతా అన్న సందేహం న్యాయమైనదే. దానిని తీర్చుకోవడానికే రెండు స్టిక్కులనూ విడదీసి, ఒకదాని తరువాత ఒకటి అదే స్లాటులో, అదే సెట్టింగులతో పరీక్షించాను. ఒకటి నాలుగు విడతలూ తప్పు లేకుండా దాటింది, రెండోది ప్రతిసారీ తప్పింది, అంటే లోపం ఆ స్టిక్కుదే. 4800కు దించితే మాత్రం ఆ రెండోది కూడా బుద్ధిమంతురాలిలా ప్రవర్తించింది.

వాపసు ఫారంలో కారణం చెప్పడానికి నాలుగే అవకాశాలున్నాయి: పనిచేయడం లేదు, దెబ్బతిని వచ్చింది, వేరే వస్తువు వచ్చింది, ఇక అవసరం లేదు. వివరం రాయడానికి ఇచ్చిన గడిలో రెండు వాక్యాలకు మించి పట్టవు. పనిచేస్తూనే తప్పులు చేసే వస్తువుకు ఆ నాలుగింటిలోనూ చోటు లేదు కనుక దగ్గరగా ఉన్న మొదటి కారణాన్ని ఎంచుకున్నాను. ఆ ఎంపికే నన్ను ముంచింది. పదకొండు రోజుల తరువాత అదే ర్యామ్ తిరిగి వచ్చింది, దానితో పాటు ‘సిస్టమ్ ఆన్ అవుతోంది, లోపం కనబడలేదు’ అని ఒక చీటీ వచ్చింది. పనిచేయడం లేదని నేను ఫిర్యాదు చేశాను, పనిచేస్తోందని వారు తేల్చారు. ఫారం భాషలో ఇద్దరమూ సరిగ్గానే మాట్లాడుకున్నాం. కానీ 6000 అని చెప్పి అమ్మిన వస్తువును 6000 దగ్గర నడిపి చూడకుండా బాగుందని ధ్రువీకరించడం పరీక్ష అనిపించుకోదు. అంతకన్నా నాకు కోపం తెప్పించింది మరొకటి ఉంది. నేను అసలు ప్లాస్టిక్ పెట్టెలో పంపిన స్టిక్కులు రెండూ ఒకే పలుచని కవరులో, ఒకదానికొకటి తగులుతూ తిరిగి వచ్చాయి. స్థిర విద్యుత్తు నుంచి కాపాడే వెండి రంగు కవరు అయినా వాడలేదు. విడిభాగాలే వ్యాపారమైన చోట ఈ అజాగ్రత్తకు సమాధానం లేదు.

రెండోసారి వాపసు పంపడం గురించి ఫోన్ చేసినప్పుడు మొదటి ఇద్దరు ఉద్యోగులు చీటీలోని మాటనే చదివి వినిపించారు. మూడో ఆవిడ మాత్రం చివరిదాకా విని, నేను చెప్పినదంతా ఒక కాగితం మీద ముద్రించి పార్సిల్‌లోనే పెట్టమన్నారు. ఫారంలో రాసినది పరీక్షించేవారి బల్ల దాకా పూర్తిగా చేరదని, పెట్టెలో ఉన్న కాగితాన్ని వారు తప్పక చూస్తారని ఆవిడ చెప్పిన రహస్యం నాకు ఈ వ్యవహారం మొత్తంలో దక్కిన అత్యుత్తమ సేవ. ఏ ప్రొఫైల్ ఆన్ చేయాలో, ఎంతసేపటికి తప్పులు వస్తాయో, చెడిపోయిన స్టిక్కు సీరియల్ నంబరు ఏమిటో ఒకే పేజీలో రాసి, ఫలితాల ఫోటోలు కింద ముద్రించి పంపాను. జతగా అమ్మినవి కనుక బాగున్న స్టిక్కును కూడా పంపవలసి వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ కంప్యూటర్ ఒక పెట్టెలా పడి ఉంది. పదో రోజు కొత్త జత చేతికి వచ్చింది.

మదర్‌బోర్డును వాపసు ఇవ్వవలసిన అవసరం కలగలేదు కానీ, దానికి సంబంధించిన షరతును ఈ సందర్భంలోనే చదివాను. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మీద వచ్చే నల్లని ప్లాస్టిక్ మూత లేకపోతే బోర్డును తీసుకోరట. నా బోర్డు సాకెట్‌లో 1718 సన్నని పిన్నులున్నాయి, వాటిలో ఒకటి వంగినా నష్టం కొనుగోలుదారుదే అంటారు కనుక షరతులో అర్థం ఉంది. కానీ ప్రాసెసర్ అమర్చగానే చాలామంది చెత్తబుట్టలో వేసే ఆ మూత గురించి వాపసు పేజీ అట్టడుగున కాక, బోర్డు డబ్బా మీదే చీటీ అంటించి చెప్పాలి.

ఈ దుకాణంలో డిస్కులు మళ్లీ కొంటాను. ర్యామ్ కొనేటట్లయితే వచ్చిన రోజు రాత్రే, ప్రొఫైల్ ఆన్ చేసి, నాలుగు విడతల పరీక్ష పెట్టి, వాపసు గడువు లెక్కించడం మొదలుపెడతాను. ఐదు నక్షత్రాలకు రెండున్నర ఇస్తున్నాను, అందులో ఒకటి మూడోసారి ఫోన్ ఎత్తిన ఆవిడది. రెండోసారి పంపడానికి నేను పెట్టుకున్న కొరియర్ ఖర్చు తిరిగి ఇమ్మని రాసిన అభ్యర్థన మాత్రం ఇప్పటికీ ‘పరిశీలనలో ఉంది’ అనే చూపిస్తోంది.