విమానానికి నాలుగు స్టార్లు, యాప్‌కు ఒకటిన్నర

సంక్రాంతి పోయాక పుణెలో ఉన్న బిడ్డ దగ్గరికి మా ఆయనతో కలిసి చవక విమానంలో వెళ్లొచ్చాను. సంస్థ పేరు ఎందుకులెండి, ఇప్పుడు అన్నీ ఇంచుమించు ఒక్క తీరే.

విమానానికి వంక పెట్టలేను. టైముకు లేచింది, టైముకు దిగింది, లోపల శుభ్రంగా ఉంది. తిప్పలంతా టికెట్ దగ్గరే. యాప్‌లో మొదటి పేజీలో రేటు చూస్తే భలే చవక అనిపిస్తుంది. తర్వాత కిటికీ సీటుకు డబ్బులు, తిండికి డబ్బులు, ముందుగా ఎక్కడానికి డబ్బులు, చివర్లో కన్వీనియెన్స్ ఫీజు. ఎవరి కన్వీనియెన్సో! సీటుకు కట్టలేదని నన్ను ముందు, మా ఆయన్ని ఎక్కడో వెనక కూర్చోబెట్టారు.

శంషాబాద్ కౌంటర్లో బ్యాగు పదిహేను కిలోలు దాటింది. అదనపు కిలోలకు చెప్పిన రేటు వినగానే అక్కడే జిప్పు తీసి, సకినాల డబ్బా మా ఆయన భుజం సంచిలోకి మార్చాను. పుణె చేరేసరికి సగం పొడి. బిడ్డ ఆ పొడే పెరుగులో కలుపుకొని తిన్నది, అది వేరే సంగతి.

2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టినప్పుడు మంచినీళ్లు కూడా అమ్మేవారు, కానీ టికెట్ నిజంగానే చవక. తర్వాత దాన్ని కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ కలుపుకుంది, 2012లో అదీ ఆగిపోయింది. 2006లో వచ్చిన ఇండిగో ఒకే రకం ఎయిర్‌బస్‌లతో, ఒకే తరగతి సీట్లతో ఖర్చు తగ్గించుకుని నిలబడింది. అదే ఇండిగో 2017లో ఏటీఆర్ అనే చిన్న విమానాలు, 2024లో బిజినెస్ క్లాసు, 2025లో యూరప్‌కు పెద్ద బోయింగ్‌లు తెచ్చింది. బ్యాగుకు పైసా తీసుకోం అని గొప్పగా చెప్పుకున్న అమెరికా విమాన సంస్థ సౌత్‌వెస్ట్ కూడా 2025 మే నుంచి వసూలు మొదలుపెట్టింది.

వాళ్ల బాధ తెలియనిది కాదు. మనమంతా మొదటి రేటు చూసే కొంటాం, అది పెంచితే పక్క విమానం ఎక్కుతాం. ఇంధనం, విమానాల అద్దె మాత్రం ఆగవు. అందుకే ఒకప్పుడు తీసేసినవన్నీ ఇప్పుడు విడివిడిగా అమ్ముతున్నారు. ఆ మొత్తం మొదటి పేజీలోనే చూపిస్తే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

మా వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి వచ్చింది కానీ విమానం ఎప్పుడొస్తుందో. అందాకా హన్మకొండ నుంచి ఉప్పల్, అక్కడ శంషాబాద్ విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సు. సామాను ఇంట్లోనే తూచుకోండి. ఎక్కువుంటే యాప్‌లో ముందే కొనండి, కౌంటర్ కన్నా తక్కువ పడుతుంది.