పాత టీవీ ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ కొనేవాళ్లూ, మీటర్ ముల్లు చూసి డబ్బులివ్వకండి

మన అనంతపురంలో పాత టీవీ స్పేర్లు అమ్మే పెద్దమనిషి ఎవరో మీకు చెప్పక్కర్లేదు. పేరు రాయను, రాస్తే ఇంకా తిట్టాలనిపిస్తుంది.

మాది బ్లాక్ అండ్ వైట్ షట్టర్ టీవీ. మాట వస్తుంది, తెర మీద వెలుగు లేదు. మెకానిక్ బీయూ205 ట్రాన్సిస్టర్ మారిస్తే అదీ వెంటనే కాలింది, దాంతో అది నడిపే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్, అంటే పిక్చర్ ట్యూబ్‌కి వేల వోల్టులు అందించే కాయిలే షార్టయిందని తేల్చాడు. సరేనని ఈయన దగ్గరికి వెళ్తే "యాంటిక్ పీసప్పా, బెంగళూరులో కూడా దొరకదు" అంటూ 1,800 చెప్పాడు. టెస్ట్ చేసి చూపించమంటే మల్టీమీటర్ పెట్టి ముల్లు కదిలించాడు, నేనూ మహా తెలిసినట్టు తల ఊపాను. ఓమ్స్‌లో, అంటే రెసిస్టెన్స్ కొలిచే సెట్టింగ్‌లో, కాయిల్‌కి అందేది మీటర్లోని చిన్న బ్యాటరీ వోల్టేజే. టీవీలో అదే కాయిల్ పది పదిహేను వేల వోల్టులు మోయాలి. ఇన్సులేషన్ చిట్లిన సంగతి ఆ బ్యాటరీకేం తెలుస్తుంది?

బిగించాక బొమ్మ వచ్చింది, తెర దగ్గర చెయ్యి పెడితే వెంట్రుకలు లేచాయి, సంబరపడ్డాం. కాసేపటికే టిక్ టిక్‌మని చప్పుడు, బొమ్మ ఉబ్బి మసకబారింది, ఏదో ఘాటు వాసన. లైటు ఆర్పి చూస్తే కాయిల్ పక్క నుంచి దాని మధ్యలోని ఫెర్రైట్ కోర్ దిమ్మ మీదికి నీలం మెరుపు దూకుతోంది! విప్పి చూస్తే సరిగ్గా అక్కడే ఆరాల్డైట్ పూసి, పైన నల్ల రంగు కొట్టి ఉంది. గోటితో గీకితే పొట్టులా లేచొచ్చింది, కింద సన్నటి పగులు.

తీసుకెళ్లి చూపించా. కనీసం చేతిలోకి కూడా తీసుకోలేదు. "మీ మెకానిక్ కాల్చినాడు, నన్నడిగితే ఎట్లప్పా?" అన్నాడు. ఆ నల్ల రంగు కూడా మా మెకానిక్కే వేశాడా అంటే, అంగట్లో ఉన్న నలుగురి వైపూ చూసి నవ్వుతూ, "ఈ డబ్బా కోసం ఇంత రచ్చేంది సామీ, పోయి ఎల్‌ఈడీ కొనుక్కోపో" అన్నాడు. డబ్బులు తీసుకునేటప్పుడు యాంటిక్, వెనక్కి అడిగితే డబ్బా! 1,800 పోయినందుకు కాదు, ఆ నవ్వుకి ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

కొనేవాళ్లు ఒక్కటి చేయండి, నడుస్తున్న సెట్‌లో పెట్టించి చీకట్లో అరగంట చూడండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. ఇంకోటి, ప్లగ్ పీకేసినా పిక్చర్ ట్యూబ్‌లో చార్జ్ నిలిచే ఉంటుంది, దాన్ని ట్యూబ్ వెనక ఉండే ఎర్త్ తీగ జాలీకి దించకుండా, ఈహెచ్‌టీ వైరు ట్యూబ్‌కి తగిలే చోట ఉండే క్యాప్ ముట్టుకోకండి, అది కూడా తెలిసిన మెకానిక్ చేతే చేయించండి. షాక్ సంగతి అలా ఉంచి, చెయ్యి విదిలించినప్పుడు ట్యూబ్ మెడ విరిగిందా, అది మళ్లీ ఎక్కడా దొరకదు.