అమెరికా రహస్య పత్రాల కోసం ఎండీఆర్ సేవ: ఎలా ఉంది?

మీకు కావాల్సిన రహస్య పత్రం ఏదో కచ్చితంగా తెలిసినప్పుడు సమాచార హక్కు దరఖాస్తు, అంటే ఎఫ్ఓఐఏ కన్నా ఎండీఆర్ మేలు. ఎండీఆర్ అంటే పత్రం మీది రహస్య ముద్ర తీసేయవచ్చో లేదో తప్పనిసరిగా సమీక్షించమని కోరడం. 2009లో ఒబామా సంతకం చేసిన 13526వ కార్యనిర్వాహక ఉత్తర్వు కింద ఈ సేవ నడుస్తోంది.

పత్రం తేదీ, శీర్షిక, ఎవరు ఎవరికి రాశారు, ఆర్కైవ్స్‌లో పెట్టె, ఫోల్డర్ నంబర్లు రాయండి. "వియత్నాం మీద ఉన్నవన్నీ" అని అడిగితే తిరస్కరిస్తారు, వెతకడానికి వీలుండాలి కదా. రెండేళ్ల లోపు ఒకసారి సమీక్షించిన పత్రాన్ని మళ్లీ చూడనక్కర్లేదన్న నిబంధన కూడా ఉంది.

దరఖాస్తు అందుకున్న ప్రభుత్వ సంస్థ జవాబివ్వడానికి గడువు ఏడాది. ఎఫ్ఓఐఏకి 20 పనిదినాలే అయినా, ఆచరణలో ఆ గడువు తరచూ దాటిపోతుంది. తిరస్కరిస్తే 60 రోజుల్లో అదే సంస్థకు అప్పీలు, ఆ తర్వాత ఐస్కాప్ అనే అంతర్‌సంస్థల కమిటీకి. ఈ సేవకు అసలు బలం ఐస్కాపే: పత్రాన్ని దాచిన సంస్థ మాటే చివరిది కాదు. అయితే ఎండీఆర్ ఎంచుకుంటే కోర్టుకెళ్లే దారి ఉండదు. దావా వేసే ఉద్దేశం ఉంటే ఎఫ్ఓఐఏనే పట్టుకోండి.

పదవిలో ఉన్న అధ్యక్షుడి కాగితాలు దీని పరిధిలోకి రావు. అణ్వాయుధ రూపకల్పన వివరాలదీ వేరే దారి. వాటిని 1954 నాటి అణుశక్తి చట్టం కాపాడుతోంది, ఈ ఉత్తర్వు వాటిని తాకదు. గూఢచారుల పేర్లకు 50 ఏళ్లు దాటాక కూడా మినహాయింపు దొరకవచ్చు.

కొన్ని భాగాలను నల్ల గీతలతో కొట్టేసి పంపిన ప్రతిని పారేయకండి. ప్రతి గీత పక్కనా ఆ భాగాన్ని ఎందుకు దాచారో చెప్పే మినహాయింపు కోడ్ ఉంటుంది, అప్పీలులో దాన్నే ప్రశ్నించాలి.