ఆ ఎర్ర ఆడి టీటీ తిరిగింది 38 వేలు కాదు, 83 వేలు: కొనబోయేవాళ్లు జాగ్రత్త

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ ఆడి టీటీ కోసం చూస్తున్నవాళ్లు ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. 2016 మోడల్, ఎర్ర రంగు, "38 వేల కిలోమీటర్లు, నాన్ ఫ్లడెడ్" అని ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షోరూం వాళ్లు ఒక బండి అమ్మకానికి పెట్టారు. నాన్ ఫ్లడెడ్ అంటే వరద నీళ్లలో మునగలేదని. మొన్న మార్చి దాకా ఆ బండి నాది. నేను తాళాలు ఇచ్చిన రోజు మీటరు మీద 83,412 ఉంది. 2020 అక్టోబర్ వానలకి మా సెల్లార్‌లో అది నీళ్లలో నిలబడింది కూడా.

అమ్మాలని అమ్మింది కాదు. నాన్నకి రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయ్యాక ఆ స్పోర్ట్స్ కారులో అంత కిందకి వంగి కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. హాస్పిటల్‌కి వెళ్లాల్సిన ప్రతిసారీ క్యాబ్ బుక్ చేసేవాళ్లం. రెండో కారు పెట్టడానికి మా అపార్ట్‌మెంట్‌లో చోటు లేదు. పైగా ఆడి వాళ్లు 2023 నవంబర్‌లో టీటీ తయారీనే ఆపేశారు, కాబట్టి ఒకసారి ఇచ్చేస్తే మళ్లీ కొత్తది కొనుక్కునే మాట కూడా లేదు. ఇచ్చే ముందు రాత్రి ఒక్కడినే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద శంషాబాద్ దాకా వెళ్లొచ్చాను. పొద్దున్నే నేనే కడిగాను. సీటు వెనక్కి జరిపితే పట్టాల కింద మా పాప ఎప్పుడో పోగొట్టుకున్న జుట్టు క్లిప్పు దొరికింది. దాన్ని జేబులో వేసుకుని తాళాలు ఇచ్చేశాను.

షోరూం వాళ్లకి నేను ఏదీ దాచలేదు. సర్వీసు బిల్లులు, 2022లో 52 వేల దగ్గర నాలుగు టైర్లు మార్పించిన బిల్లు, నీళ్లు వచ్చినప్పటి ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాగితాలు, అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇచ్చాను. నీళ్లలో ఉన్న బండి కాబట్టి రెండు లక్షలు తగ్గించమని అడిగింది కూడా వాళ్లే. న్యాయమే అనిపించి తగ్గించాను. ఇప్పుడు అదే బండిని నీళ్లు తగలనే లేదని అమ్ముతున్నారు.

జూన్‌లో మా బావమరిది ఆ ప్రకటన వాట్సాప్‌లో పంపాడు. నంబర్ ప్లేటు కనపడకుండా చేశారు కానీ, ఏడేళ్లు నడిపిన బండిని గుర్తుపట్టడానికి నంబరు అక్కర్లేదు కదా. కొనేవాడిలా వెళ్లి చూసి రమ్మని వాడినే పంపాను. మీటరులో 38 వేల చిల్లర. స్టీరింగ్‌కి కొత్త లెదర్ కుట్టించారు, పెడల్ రబ్బర్లు కొత్తవి. అంతా బాగానే ఉందనుకుంటూ డ్రైవర్ సీటు బెల్టుని చివరిదాకా లాగాడట. ఆఖరి జానెడు మేర టీ రంగులో అడ్డంగా ఒక గీత. అది వరద నీటి చార. కార్పెట్లు మార్పించినప్పుడు బెల్టు మార్పించలేదు నేను, అందుకే అది అలాగే ఉండిపోయింది. సీటు కుడి అంచు కూడా లోపలికి అణిగిపోయి ఉంది. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఒళ్లు రాసుకునేది అక్కడే. 38 వేలకి అంతలా అణగదు.

షోరూంకి ఫోన్ చేసి అడిగాను. "మీ డబ్బులు మీకు వచ్చేశాయి కదా సార్, ఇంక ఆ బండితో మీకేం పని?" అని పెట్టేశారు.

అందుకే చెప్తున్నాను, ఏ కారైనా సరే, మీటరు చూసి నమ్మొద్దు. ఛాసిస్ నంబరు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు అడగండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు ఉందో అక్కడ ఉంటుంది. అమ్మేవాళ్లు ఛాసిస్ నంబరు ఇవ్వడానికి నసిగితే అక్కడితో వదిలేయండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 1822 అంటే 2022లో 18వ వారంలో తయారైంది. రెండో సెట్ టైర్లు కూడా అరిగిపోయిన బండి 38 వేలే తిరిగిందంటే ఎలా అని అడగండి. బండి కంప్యూటర్లలోని లెక్కలు చదివే స్కానర్ పెట్టించడం మంచిదే, మీటరు దిద్దినవాళ్లు ఇంజిన్ కంప్యూటర్‌లోనో గేర్‌బాక్స్‌లోనో పాత లెక్క వదిలేసి ఉండొచ్చు. కానీ స్కానర్‌లో కూడా అదే అంకె వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి, అక్కడా మార్చేవాళ్లు ఉన్నారు. నీళ్ల సంగతికి బెల్టుతో పాటు సీటు పట్టాల బోల్టుల తుప్పు, డిక్కీలో మ్యాట్ కింద గుంట చూడండి. పగలే చూడండి.

ఇందులో నా పొరపాటు కూడా ఒకటుంది, అమ్మేవాళ్లు గమనించండి. బండిని వేరేవాళ్ల పేరుకి మార్చే కాగితాలు, ఫారం 29, 30 మీద కొనేవాళ్ల పేరు ఖాళీగా వదిలి సంతకాలు పెట్టి ఇచ్చాను. ఆర్సీ ఇంకా నా పేరు మీదే ఉంది. ఓఆర్ఆర్ మీద ఓవర్‌స్పీడ్‌కి రెండు చలాన్లు, ఒక్కొక్కటి 1,035 రూపాయలు, నాకే వచ్చాయి. డబ్బు పోతే పోయింది, ఆ బండి ఎవరినైనా గుద్దితే ఏంటని నాకు నిద్ర పట్టడం లేదు. పరిహారం కేసుల్లో ఆర్సీలో పేరున్నవాళ్లదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్ నుంచి రూల్ మారింది. ఆర్టీఏ గుర్తింపు ఉన్న డీలరుకి ఇస్తే బండి అప్పగించినట్టు తెలిపే ఫారం 29సీ ఆన్‌లైన్‌లో పెట్టాలి, అక్కడినుంచి బాధ్యత డీలరుదే. ఆ గుర్తింపు ఉందా అని నేను అడగలేదు. మీరు అడగండి. కొనేవాళ్లు కూడా ఇన్సూరెన్స్‌ని 14 రోజుల్లో మీ పేరుకి మార్చుకోండి, లేకపోతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ రాదు.

పోలీసులకి కాగితాలతో ఫిర్యాదు ఇచ్చాను. ఇప్పటికే ఎవరైనా కొనేసి ఉంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫైల్ ఇచ్చేముందు ప్రతి కాగితం ఫోటో తీసి పెట్టుకున్నాను. అడిగితే అన్నీ పంపిస్తాను, కేసు వేస్తే వచ్చి సాక్ష్యం చెప్తాను.

మీరు చూస్తున్నది ఆ బండే అవునో కాదో తెలియాలంటే డిక్కీ వైపు ఉండే వెనక పెద్ద అద్దం ఎడమ మూల కింద, లోపలి వైపు వేలితో తడిమి చూడండి. మా పాప సీతాకోకచిలుక స్టిక్కర్ అంటించిన చోటు. స్టిక్కర్ పీకేశారు కానీ జిగురు ఇంకా ఉందని బావమరిది చెప్పాడు.