గొట్టం స్టీలే, పిడి లోపల ఇనుమే

గుంటూరు పట్నంబజారులో మందు కొట్టే 16 లీటర్ల బ్యాటరీ పంపుకు లాన్సు (పిడి, నాజిల్ ఉన్న పొడవాటి గొట్టం) అడిగితే రెండు రకాలు ముందు పెడతారు. ఒకటి ఇత్తడిది, ఇంకొకటి తళతళలాడే ‘స్టీలు’ది. ఈ స్టీలుది గొట్టం వరకు మంచి సరుకే.

అయస్కాంతం పెట్టి చూశాం, గొట్టానికి అంటలేదు. గట్టిగా అంటితే అది క్రోమ్ పూత పూసిన ఇనుము కావచ్చు, వదిలేయండి. అంటనంత మాత్రాన 304 (తుప్పును బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ గ్రేడు) అని నమ్మకండి, నికెల్ తక్కువుండే 202 కూడా అంటదు. బిల్లులో గ్రేడు రాయించుకోవాలి. మిర్చికి లీటరుకు 3 గ్రాముల లెక్కన కొట్టే రాగి మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ 304ని పెద్దగా ఏమీ చేయదు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో మాత్రం కడగకుండా వదిలేస్తే సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి.

అసలు లోపం పిడిలో ఉంది. ట్రిగ్గర్ విప్పితే స్ప్రింగు మామూలు ఇనుపది. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమంలో సున్నం చాలకపోతే మిగిలిన మైలుతుత్తం ఇనుమును తినేసి దాని మీద రాగి ఎర్రగా పేరుస్తుంది. అందుకే మిశ్రమంలో ఇనుప చాకు కాసేపు ముంచి చూస్తారు. చాకు ఎర్రబడితే ఇంకాస్త సున్నం కలపాలి. స్ప్రింగు విరిగితే ట్రిగ్గర్ వదిలినా మందు కారుతూనే ఉంటుంది, చేతి తొడుగు లేకపోతే అదంతా చేతి మీదికే.

నాజిల్ బిగించే నట్టు అల్యూమినియంది. ఇత్తడి నాజిల్ పక్కన తడిలో ఉంటే ముందు అరిగేది అదే. మరల్లో తెల్లపొడి పేరుకుని నట్టు పట్టేస్తుంది, పట్టకారుతో తిప్పితే మరలే ఊడొస్తాయి. నట్టు ప్లాస్టిక్‌ది, స్ప్రింగు స్టెయిన్‌లెస్‌ది వేసిస్తేనే కొనండి.

ఇత్తడి లాన్సూ తీసిపారేసేది కాదు. చిలుము పడితే అది పైపైనే. దానికి పడనిది అమ్మోనియా. అమ్మోనియం ఎరువు కలిపిన మందు రాత్రంతా నిలవుంటే బిగింపుల దగ్గర పగుళ్లొస్తాయి. నీళ్లలో కలిపి కొట్టే పొడి మందులకు ఇత్తడి నాజిల్ బెజ్జం త్వరగా పెద్దదవుతుంది. నిమిషంలో పడే మందును కొత్త నాజిల్‌తో పోల్చి కొలవండి, 10 శాతం మించితే మార్చేయాలి. స్టీలు నాజిల్ ఇంకొంత కాలం ఆగుతుంది, సిరామిక్ అన్నిటికంటే ఎక్కువ.

ఏది కొన్నా పని అయ్యాక మంచినీళ్లు మూడుసార్లు పోసి, ట్రిగ్గర్ నొక్కి లాన్సు గుండానే వదలండి. ఆ నీళ్లు కాలువలో కాదు, మందు కొట్టిన చేలోనే. తర్వాత ట్రిగ్గర్ నొక్కి ఉంచి, నాజిల్ కిందికి వచ్చేలా వేలాడదీయండి, లేకపోతే తడి పిడిలోనే నిలుస్తుంది.